సీలియాక్ ఉన్న పాపతో తీర్థయాత్ర: హోటల్లో ఏం అడగాలి, ఏం తినిపించాలి

అమ్మా, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పదేళ్ల పాపకు నిరుడు సీలియాక్ అని, అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తగిలితే పేగు దెబ్బతినే జబ్బని తేలింది. ఇంట్లో గోధుమ పూర్తిగా మానేశారు, పాప కోలుకుంది, బరువు పెరిగింది. ఇప్పుడు సెలవుల్లో అత్తమామలతో కలిసి విజయవాడ నుంచి తిరుపతి, కంచి, అరుణాచలం, మదురై, రామేశ్వరం వెళ్లాలి. "అంతా ఇడ్లీ, అన్నం తినే ప్రాంతమే కదా, భయమెందుకు అంటున్నారు మావాళ్లు. నిజమేనా?" అన్నారు. వచ్చే ఏడాది కాశీ సంగతి కూడా అడిగారు.

నాకూ ఇదే జబ్బు. పైగా నాది తిరుగుడు ఉద్యోగం. ఏళ్ల తరబడి కోస్తా, రాయలసీమ, తమిళనాడు ఊళ్లలో హోటల్ తిండి తింటూనే నెట్టుకొచ్చాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ ప్రశ్నకు జవాబు. వెళ్లండి, యాత్ర మానుకోవాల్సిన పనే లేదు. కానీ "అన్నం తినే ప్రాంతం కాబట్టి భయం లేదు" అన్న మాట మాత్రం నమ్మకండి. చపాతీ తినే ఊళ్లో గోధుమ కంచంలో ఎదురుగా కనిపిస్తుంది, పక్కకు నెట్టేస్తాం. మన దగ్గర అది పోపులోని ఇంగువతో వస్తుంది, పెనం మీద అంటుకుని వస్తుంది, మైసూరు బజ్జీ వేయించిన నూనెలో వస్తుంది. కాబట్టి ఫలానా వంటకం తినొచ్చా అని అడిగితే సరిపోదు. అది ఏ పెనం మీద వేశారు, ఏ నూనెలో తీశారు, అందులో ఏ ఇంగువ పడింది, ఇవీ అడగాల్సినవి.

"అంత కొంచెం పడితే ఏమవుతుంది" అని మీ అత్తగారు అంటే చెప్పడానికి ఒక లెక్క. గ్లూటెన్ రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే సీలియాక్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పేగు దెబ్బతినదని వైద్యుల అంచనా. 50 మిల్లీగ్రాములు రోజూ లోపలికి పోతే దెబ్బతింటుందని తేలింది. 30 గ్రాముల పిండితో చేసిన ఒక చపాతీలో గ్లూటెన్ 2 గ్రాములు దాటుతుంది. అంటే ఆ చపాతీని రెండు వందల ముక్కలు చేస్తే, పాపకు ఒక రోజుకు హద్దు అందులో ఒక్క ముక్క. పెనం అంచున అంటుకుని ఉండే పరోటా పొడి దానికన్నా ఎక్కువే ఉండొచ్చు. మన దేశంలో 'గ్లూటెన్ ఫ్రీ' అని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే మన దేశపు ఆహార భద్రత సంస్థ, నిబంధన. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం కూడా అదే.

ఇక ఇంగువ. మన ప్రాంతంలో అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది దీని గురించే. అసలు ఇంగువ అఫ్గానిస్తాన్, ఇరాన్ వైపు పెరిగే ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. ఘాటు ఎక్కువ కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు అమ్మరు. జిగురు బంక, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో మైదా లేదా గోధుమపిండి. పొడి ఇంగువే కాదు, ముద్ద ఇంగువ కూడా అంతే. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో పదార్థాల వరసలో ఉంటుంది, చూడండి. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది. అది ఇంట్లో వాడుకోండి, ప్రయాణానికి ఒక చిన్న సీసాలో పోసుకోండి. హోటళ్లలో మాత్రం ఏ డబ్బా వాడుతున్నారో చూడకుండా ఇంగువ పడిన ఏదీ పాపకు పెట్టొద్దు.

ఈ ఒక్క నియమంతో ఎన్ని పక్కకు పోతాయో చూడండి. సాంబారు, రసం, పులిహోర, పోపు పెట్టిన పెరుగన్నం, కట్టు పొంగలి, పోపు మజ్జిగ, అప్పడం, చాలా పచ్చళ్లు, టేబుల్ మీద పెట్టే కారప్పొడి. పాకెట్లలో అమ్మే మసాలా మజ్జిగ, చాట్ మసాలా చల్లిన పళ్ల ముక్కలు కూడా. తమిళనాడులో సాంబారు, రసం ఇంగువ లేకుండా ఉండవనుకోండి. ఇదంతా చదివి బెంగ పెట్టుకోకండి. ఇవి పోయాక కూడా కడుపు నిండేంత మిగులుతుంది, అదీ చెబుతాను.

ఉదయం టిఫిన్‌తో మొదలుపెడదాం. ఇడ్లీ మీ పాపకు పెద్ద దిక్కు. మినప్పప్పు, బియ్యపు రవ్వ లేదా ఉప్పుడు బియ్యం, ఆవిరి మీద ఉడుకుతుంది, పెనం గొడవ లేదు, నూనె గొడవ లేదు. రెండు విషయాలు మాత్రం అడగాలి. ఒకటి, ఆ హోటల్లో రవ్వ ఇడ్లీ కూడా వేస్తారా అని. అది బొంబాయి రవ్వతో చేసేది. అవే పళ్లాల్లో వేస్తుంటే ఆ హోటల్ వదిలేయండి. రెండు, పొద్దున్నే మొదటి వాయి ఎన్నింటికి దిగుతుందని. ఆ వేళకు వెళితే పళ్లాలు కడిగి ఉంటాయి, వంట మాస్టర్ తీరిగ్గా ఉంటాడు, మీరు చెప్పేది వింటాడు. తొమ్మిదింటికి జనం కిటకిటలాడే వేళ ఎంత మంచి మనిషైనా వినలేడు. ఇడ్లీలోకి మీరు తెచ్చుకున్న పొడి, నెయ్యి. చట్నీ కావాలంటే పోపు పెట్టకముందు తీసిమ్మనండి. వేరుశనగ, కొబ్బరి, పుట్నాల చట్నీలకు పోపు కలపనంతవరకు మామూలుగా ఇబ్బంది ఉండదు.

ఊరు మారితే ఇడ్లీ కూడా మారుతుంది, అదీ గుర్తుంచుకోండి. కంచి ఇడ్లీ అని మిరియాలు, జీలకర్ర, శొంఠి వేసి ఆకులో ఉడికించేది చాలాచోట్ల ఇంగువతో చేస్తారు. రుచి చూడాలని పెద్దవాళ్లకు ఉంటుంది, పాపకు మాత్రం మామూలు తెల్ల ఇడ్లీనే. ఇడియాప్పం బియ్యప్పిండిదే అయినా గోధుమ ఇడియాప్పం అమ్మే హోటళ్లూ ఉన్నాయి. అలాంటిచోట రెండూ ఒకే అచ్చులో తీస్తున్నారేమో అడగండి.

దోశ విషయంలో నా సలహా కాస్త కఠినంగా ఉంటుంది. హోటల్ పెనాన్ని ఒక పది నిమిషాలు నిలబడి చూస్తే మీకే అర్థమవుతుంది. ఒక పక్క రవ్వ దోశ. అందులో బొంబాయి రవ్వ, మైదా, బియ్యప్పిండి ఉంటాయి, పలచగా విసిరేస్తారు కాబట్టి చినుకులు పెనమంతా పడతాయి. ఇంకో పక్క చపాతీ కాలుతుంటుంది. మధ్యలో మామూలు దోశ. ఒక వాయి అయ్యాక గ్లాసుడు నీళ్లు చిలకరించి, పొట్టి చీపురుతో ఒక్క ఊపు ఊడుస్తారు. ఆ చీపురు పొద్దుటి నుంచీ అన్నిటినీ ఊడ్చిందే. అట్లకాడ కూడా ఒకటే. పైగా రంగు కోసం, కరకర కోసం దోశ పిండిలోనే గుప్పెడు మైదా కలిపేవాళ్లు ఉన్నారు. వేడికి గ్లూటెన్ చావదు. అది సూక్ష్మజీవి కాదు, ప్రొటీన్. రుద్ది కడిగితేనే పోతుంది. తమిళనాడులో చాలా హోటళ్లలో పరోటా సాయంత్రం మొదలవుతుంది. కాబట్టి రాత్రిపూట దోశ అసలు వద్దు. పాప మరీ ఆశపడితే పొద్దున తెరిచిన వెంటనే, పిండిలో ఏముందో కనుక్కుని, పెనం సబ్బునీళ్లతో రుద్ది కడిగించి, వేరే అట్లకాడతో వేయించండి. అంత ఓపికగా చేసేవాళ్లు దొరుకుతారు, నాకు దొరికారు. దొరక్కపోతే దోశ ఇంటికెళ్లాక.

మన వైపు పెసరట్టు ఎంచక్కా గోధుమ లేనిదే, కానీ పెనం మాట దానికీ వర్తిస్తుంది. ఉప్మా పెసరట్టు అయితే లోపలున్నది బొంబాయి రవ్వే. గారెలు మినప్పప్పువే, కానీ అదే మూకుట్లో పూరీ, మైసూరు బజ్జీ, సమోసా వేగుతాయి. పునుగులదీ అదే కథ, వాటి పిండిలో మైదా కలపడమూ మామూలే. హోటల్లో నూనెలో వేగినవన్నీ వదిలేయమని నేనంటాను. ఈ ఒక్కదాంట్లో సడలింపు పెట్టుకోకండి.

ఇక మాస్టర్‌తో ఎలా మాట్లాడాలన్నది. 'గ్లూటెన్' అన్న మాట వాడకండి. చాలామందికి తెలియదు, తెలియని మాటకు మర్యాద కోసం తలూపేస్తారు. ఇందులో వాళ్ల తప్పేం లేదు. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం ఈ జబ్బును సూచించే గుర్తులు రక్తపరీక్షలో ఉత్తరాదిలో నూటికి ఒకరికి కాస్త పైగా కనిపిస్తే దక్షిణాదిలో వెయ్యికి ఒకరికే. మాస్టర్ తన జీవితంలో మీ పాపలాంటి మనిషిని చూసి ఉండకపోవచ్చు. "గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా, ఇవేవీ పాపకు పడవు, కొంచెం తగిలినా వాంతులవుతాయి" అని వస్తువుల పేర్లతో చెప్పండి. ఎలర్జీ అనండి. వైద్యపరంగా ఇది ఎలర్జీ కాదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థ గ్లూటెన్‌కు రెచ్చిపోయి సొంత పేగునే దెబ్బతీసే జబ్బు. కానీ వంటింటి గుమ్మం దగ్గర ఆ వివరం ఎవరికీ అక్కర్లేదు. ఎలర్జీ అంటే చెయ్యి ఆగుతుంది, అది చాలు.

అవునా కాదా అని అడగొద్దు. "ఇందులో మైదా లేదు కదా?" అంటే "లేదమ్మా" అనే వస్తుంది, అడిగిన తీరే జవాబు చెప్పేస్తోంది. "ఇందులో ఏమేం వేస్తారు?" అనండి. "చిక్కదనానికి ఏం కలుపుతారు?" అనండి. సర్వర్‌ని అడిగి ఊరుకోకుండా, వీలైతే మాస్టర్ దగ్గరికే వెళ్లండి. నేనైతే ఇంగువ డబ్బా ఒకసారి చూపిస్తారా అని అడుగుతాను. ఒకసారి తిరునెల్వేలి దగ్గర ఒక చిన్న మెస్‌లో వంటావిడ డబ్బా తెచ్చి ఇస్తే వెనక వరస చదివి వినిపించాను. ఆవిడ "ఇందులో మైదా ఉందా, ఇన్నాళ్లూ నాకే తెలీదే" అని డబ్బా తిప్పి తిప్పి చూసింది. తర్వాత నాకోసం పప్పు పోపు పెట్టకముందే గిన్నెలో తీసి పక్కన పెట్టింది. మర్యాదగా, తొందరపెట్టకుండా, గిరాకీ లేని వేళ అడిగితే మన హోటళ్లలో మనుషులు ఎంతో చేస్తారు. ఇంగ్లిషు కార్డులు పట్టుకుని పెద్ద హోటళ్లకే వెళ్లాలని అనుకోకండి. ఒక్కరే వండే చిన్న మెస్ చాలాసార్లు నయం. వండిన మనిషే మీ ఎదురుగా ఉంటుంది, ఏం వేసిందో తనకు తెలుసు. పెద్ద హోటల్లో గ్రేవీ ఎక్కడో పొద్దున్నే తయారై వస్తుంది. అయితే పది, అంతకన్నా ఎక్కువ శాఖలున్న గొలుసు హోటళ్లు ఎలర్జీ కలిగించే పదార్థాల వివరం ఇవ్వాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. అలాంటిచోట ఆ పట్టిక అడిగి తీసుకోండి, అడగడానికి మీకు హక్కుంది.

మధ్యాహ్న భోజనం నిజానికి తేలిక. తెల్లన్నం, పోపు వేయని ముద్దపప్పు, నెయ్యి, పెరుగు, అరటిపండు. ఉడికించిన గుడ్డు తింటే అదీ. అరిటాకులో వడ్డించే చోటు వెతుక్కోండి, ఆకు కొత్తది కాబట్టి కంచం కడిగారా లేదా అన్న బెంగ ఉండదు. బఫేకి మాత్రం వెళ్లకండి. పూరీ తీసిన పటకారు అన్నంలోకి, నూడుల్స్ గరిటె కూరలోకి పోతుంటాయి, ఎవరూ గమనించరు. తిరుపతిలో రాగి సంగటి మంచి ఆసరా. రాగిపిండి, బియ్యం తప్ప అందులో ఏమీ ఉండవు. కూర విషయం మాత్రం అడిగి చూడండి. జొన్నరొట్టె అంటే జాగ్రత్త. రొట్టె విరగకుండా గోధుమపిండి కొంత కలిపేవాళ్లున్నారు, అదే పెనం మీద చపాతీలూ కాలుస్తారు. దారిలో ఎక్కడైనా బిర్యానీ ఆశ పుడితే ఒక సంగతి. దమ్ బిర్యానీ గుండిగ మూత అంచును చాలాచోట్ల గోధుమపిండి ముద్దతో మూస్తారు, తెరిచేటప్పుడు ఆ ఎండిన పెళ్లలు అన్నంలో రాలొచ్చు. హలీం అసలు గోధుమతోనే చేస్తారు. ఫ్రైడ్ రైస్, మంచూరియా మాట మరిచిపోండి. సోయా సాస్‌లోనూ మామూలుగా గోధుమ ఉంటుంది.

ప్రసాదాల సంగతి కాస్త నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ అడ్డుపడేది భక్తి, దానికి ఎదురు చెప్పడం ఇంట్లో ఎవరికైనా కష్టమే. శ్రీవారి లడ్డూలో వేసేవి శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, కిస్‌మిస్, కలకండ, యాలకులు. ఈ వరసలో గోధుమ లేదు. పులిహోరలో ఇంగువ ఉంటుంది, అది వద్దు. చక్కెర పొంగలి మాత్రం బియ్యం, పెసరపప్పు, బెల్లం, నెయ్యి, యాలకులు, పచ్చకర్పూరం, ఇంగువతో పనిలేనిది. కొండ మీద తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూర్చుంటే అన్నం, మజ్జిగ పెట్టించండి, సాంబారు, రసం వద్దనండి. మజ్జిగలో పోపు ఉందేమో వడ్డించే వాళ్లను అడగండి. తమిళనాడు గుళ్లలో మిరియాల పొంగలి దొన్నెల్లో పెడతారు, వాసన ఘుమఘుమలాడుతుంది, అందులో ఇంగువ ఉంటుందనుకుని పాపకు పెట్టకండి.

మరి పూజారి చేతిలో పెట్టాక ఏం చేయాలి? రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకుని పక్కనున్న తాతగారి చేతిలో పెట్టమని పాపకు ఇప్పుడే నేర్పండి. ప్రసాదాన్ని తీసుకోవడంలోనే భక్తి ఉంది, పంచడంలోనూ ఉంది. తిన్నట్టే లెక్క. ఈ మాట పాపకన్నా ముందు అత్తమామలకు చెప్పాలి, అదీ రైలెక్కకముందే. "స్వామి ప్రసాదం ఎవరికీ చెడు చేయదు, ఒక్క మెతుకు తిననీ" అని గుడిలో నలుగురి మధ్య అంటే పాప ఎటూ కాకుండా పోతుంది. పదేళ్ల పిల్లకు తాతను కాదనడం ఎంత బరువో ఆలోచించండి. వీలైతే డాక్టరుగారి దగ్గరికి ఒకసారి అత్తగారిని కూడా తీసుకెళ్లండి. నేను చూసినంతలో, కోడలు పదిసార్లు చెప్పినా ఎక్కనిది డాక్టరు ఒక్కసారి చెబితే ఎక్కుతుంది. ఆ తర్వాత పాపకు కాపలా కాసేది కూడా ఆ నాయనమ్మే అవుతుంది.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది. పాప భోజనం ఒక పూటది ఎప్పుడూ మీ సంచీలో ఉండాలి. ఆకలితో ఉన్న పిల్లను పక్కన పెట్టుకుని, పొద్దుపోయాక, తెలియని ఊళ్లో, ఉన్న ఒక్క హోటల్లో ఎవరైనా సరే "ఫర్వాలేదులే" అనేస్తారు. సంచీలో అన్నం ఉంటే వద్దని లేచి రాగలరు. హోటల్లో దొరికితే సంతోషం, దొరక్కపోతే మనది మనకుంది. అలా ఉంటే అడిగేటప్పుడు మీ గొంతులో కంగారు కూడా ఉండదు.

ఏం పట్టుకెళ్లాలంటే, మన పెద్దవాళ్లు ప్రయాణానికి కట్టుకున్నవే. మీ ఇంగువతో కలిపిన చింతపండు పులిహోర మొదటి రోజుకు. సున్నుండలు, పూతరేకులు, మరమరాలు, వేరుశనగ బెల్లం అచ్చులు, అరటిపళ్లు. నెయ్యి చిన్న సీసా, ఇంట్లో కొట్టిన కందిపొడి. అటుకులు దండిగా తీసుకోండి. పెరుగు కప్పు కొని అందులో వేస్తే ఎక్కడైనా ఒక పూట గడుస్తుంది. ఒక చిన్న కరెంటు కుక్కర్, కిలో బియ్యం, కాస్త పెసరపప్పు పెట్టుకుంటే సత్రం గదిలో అరగంటలో పులగం అవుతుంది. గదిలో వండుకోనిస్తారో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. పాపకు సొంత స్టీలు పళ్లెం, గ్లాసు, చెంచా, వాటికి వేరే గుడ్డ సంచీ.

వీటిలో పిండి ఏదైనా ఉంటే అది ఎక్కడ ఆడించారన్నది చూసుకోండి. ఊళ్లో పిండిమరలో ముందు గోధుమలు ఆడించి వెంటనే మీ బియ్యమో శనగపప్పో పోస్తే మొదట వచ్చే పిండిలో గోధుమపిండి కలిసే వస్తుంది. బియ్యప్పిండి, శనగపిండి, సున్నుండల మినప్పిండి ఇంట్లోనే మిక్సీలో పట్టుకోండి. మిఠాయి కొట్టు జంతికలు, అరిసెలు పేరుకు బియ్యప్పిండివే, కానీ కాజా, గవ్వలు వేగిన నూనెలోనే వేగుతాయి. అవి కూడా ఇంట్లోవే పట్టుకెళ్లండి.

రైల్లో పాంట్రీ భోజనం వద్దు. చపాతీ, అన్నం, పప్పు ఒకే పెట్టెలో వస్తాయి, ఒకదానికొకటి తగిలే ఉంటాయి. పాలు దొరికితే ఉత్త పాలే. హార్లిక్స్, బూస్ట్ లాంటి పొడులు కలిపినవి వద్దు, వాటిలో గోధుమో బార్లీ మాల్టో ఉంటుంది. రాగి మాల్ట్ అని అమ్మేవాటిలో కూడా బార్లీ కలిసిందేమో పాకెట్టు చూడాలి. పాకెట్లలో వచ్చే ఏ తిండికైనా గ్లూటెన్ ఉన్న ధాన్యం వాడితే లేబుల్ మీద రాయాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. 'ఎలర్జీ సమాచారం' అన్న వరస వెతకండి. మదురైలో జిగర్‌తండా చూసి పాప అడుగుతుంది. పాలు, బాదం బంక, నన్నారి షర్బత్ ఫర్వాలేదు, పైన పెట్టే ఐస్‌క్రీంలో ఏముందో అడిగాకే ఇప్పించండి. కొబ్బరిబోండాం ఎక్కడైనా నిశ్చింత.

ఇంత చేసినా ఎక్కడో ఒకచోట తగలొచ్చు. కొన్ని గంటల్లో కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు రావచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా పట్టించి, పడుకోబెట్టి, మర్నాటి కార్యక్రమం తగ్గించుకోండి. వాంతులు ఆగకపోయినా, పిల్ల నీరసించి మూత్రం తగ్గినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గ్లూటెన్‌ను అరిగించే మాత్రలని అమ్ముతున్నారు, వాటిని నమ్మి పరోటా పెట్టొద్దు. ఇంకో మాట, ఏమీ కాలేదంటే గోధుమ ఒంటికి సరిపడిందని కాదు. కొందరికి పైకి ఏ లక్షణమూ ఉండదు, లోపల పేగు మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. తిరిగొచ్చాక డాక్టరు చెప్పిన వ్యవధిలో టీటీజీ అనే సీలియాక్ రక్తపరీక్ష చేయించండి. ఒక్కసారి పొరపాటున తగిలినంత మాత్రాన నిరుటి కష్టమంతా వృథా కాదు, పాప ముందు ఏడవకండి, ఎవరినీ నిందించకండి. అలా చేస్తే మరోసారి ఏదైనా తిన్నా మీకు చెప్పదు.

కాశీ గురించి క్లుప్తంగా. అక్కడ కచోరీ, జిలేబీ, పూరీ, అంతా గోధుమే. కానీ ఆ వైపు "గేహూఁ సే ఎలర్జీ హై" అంటే అర్థం చేసుకునేవాళ్లు మన దగ్గరకన్నా ఎక్కువ. "ఆటా, మైదా, సూజీ, దలియా, జౌ, హీంగ్ కుఛ్ భీ నహీఁ" అని పేర్లు చెప్పండి. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ నూక, బార్లీ, ఇంగువ ఏవీ వద్దని దీని భావం. నవరాత్రుల్లో వెళితే మీ పాపకు ఒక వరం ఉంది. ఉపవాసం వాళ్లకోసం వండే వంటలో గోధుమ ఉండదు, సగ్గుబియ్యం కిచిడీ, ఊదల అన్నం, బంగాళదుంపలు ఉంటాయి. కుట్టూ (బక్‌వీట్) పిండి, సింఘాడా (నీటిలో కాసే ఒక కాయ) పిండి పూరీలు మాత్రం ఆ పిండి ఎక్కడ ఆడిందో, ఏ నూనెలో వేగిందో తెలియకుండా వద్దు. తెలుగు భోజనం పెట్టే ఆశ్రమాల్లో దిగితే తెల్లన్నం, పెరుగు దొరుకుతాయి, వంటవాళ్లతో తెలుగులోనే చెప్పుకోవచ్చు.

తమిళనాడుకు ఒక చీటీ పట్టుకెళ్లండి. పైన తమిళ లిపిలో, కింద మీరు చదువుకోవడానికి తెలుగు లిపిలో. మాటలు ఇవీ: "కుళందైక్కు గోదుమై ఒత్తుక్కాదు. గోదుమై మావు, మైదా, రవై, సేమియా, పెరుంగాయం ఎదువుమ్ సేర్కక్కూడాదు. కొంజం సాప్పిట్టాలుమ్ ఉడంబు సరియిల్లామ పోయిడుమ్." పిల్లకు గోధుమ పడదు, ఇవేవీ కలపకూడదు, కొంచెం తిన్నా ఒంట్లో బాగోదు అని దీని భావం. పెరుంగాయం అంటే ఇంగువ. తమిళ లిపిలో రాయించేటప్పుడు తమిళం బాగా తెలిసినవాళ్లతో ఒకసారి సరిచూయించండి. పది కాపీలు తీసుకోండి, నూనె చేతులతో పట్టుకుంటారు కాబట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఒకటి పాప జేబులో ఉంచి, మాస్టర్‌కి తనచేతే ఇప్పించండి. పిల్ల స్వయంగా వచ్చి ఇస్తే మాస్టర్ పొయ్యి తగ్గించి మరీ చదువుతాడు, పాపకూ తన మాట తాను చెప్పుకోవడం అలవాటవుతుంది.